కడుపు నిండింది సరే.. దేంతో?

ఉడకబెట్టిన గుడ్డును దారంతో కోయడం ఎప్పుడైనా చూశారా? కత్తితో కోస్తే పచ్చసొన కత్తికి అంటుకుని పోతుంది. దారమైతే అట్లా కాదు. రెండు చివర్లు పట్టుకుని లాగితే చాలు, గుడ్డు రెండు ముక్కలవుతుంది. ఇంకోసారి లాగితే నాలుగు. మా అవ్వ ఈ పనిలో ఆరితేరింది. మా ఇంట్లో రెండు కోళ్లుండేవి. అవి పెట్టిన గుడ్లన్నీ దాదాపు ఊళ్లో కొట్టుకే పోయేవి. గుడ్డు ఇచ్చి నూనె, ఉప్పు, ఉల్లిగడ్డ తెచ్చుకునేవాళ్లం. ఆదివారం ఒక్క గుడ్డు మాత్రం ఇంట్లో ఉడికేది. నాలుగు ముక్కలు.. నాకు, తమ్ముడికి, నాయినకు, మిగిలింది తాతకు.

ఏడాది నిండిన చెల్లెకు? "ఆమెకెందుకే, ఇంకా పండ్లు కూడా సక్కగ రాలే" అనేది అవ్వ. చెల్లెకు మెత్తగా పిసికిన బువ్వలో ఇన్ని పప్పునీళ్లు పోసి పెట్టేవాళ్లు. అమ్మకు ముక్క ఉండేది కాదు. ఆ సంగతి నాకు అప్పుడు తోచనే లేదు, ఎవరూ అడగనూ లేదు.

అది 2002. పాలమూరులో కరువు. నాయిన బొంబాయి బస్సెక్కేవాడు, అమ్మ కూలికి పోయేది. అయినా మేం పస్తులున్నామని ఎవరైనా అంటే అమ్మకు ఇప్పటికీ కోపం వస్తుంది. "పస్తులెప్పుడున్నరే? రెండు పూటలా బువ్వ తిన్నరు" అంటుంది. నిజమే. రెండు పూటలా బువ్వే తిన్నాం. బువ్వ మాత్రమే తిన్నాం.

ఈ కథంతా ఎందుకు చెప్తున్నానంటే, 'ఆకలి' అనగానే మన కళ్ల ముందు డొక్కలెండిన పిల్లాడి ఫొటో ఒకటి వచ్చేస్తుంది. ఎక్కడో కరువు దేశంలో తీసిన ఫొటో. మన పక్కింట్లో, మన బస్తీలో, ఒక్కోసారి మన ఇంట్లోనే ఉండే ఆకలి అట్లా కనపడదు. దానికి కడుపు నిండే ఉంటుంది. ఒక్కోసారి బుగ్గలు కూడా ఉంటాయి.

ఎనిమిది ప్రశ్నలు

ఒక ఇంట్లో తిండికి ఎంత ఇబ్బంది ఉందో కొలవడానికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. త్రాసు, టేపు ఏమీ అక్కర్లేదు. ఎనిమిది ప్రశ్నలు అడుగుతారు, అంతే. గడిచిన ఏడాదిలో, డబ్బు లేక, తిండికి ఇబ్బంది అవుతుందేమోనని దిగులు పడ్డారా? ఒంటికి మంచిదనిపించే తిండి తినలేకపోయారా? ఎప్పుడూ ఒకటి రెండు రకాలతోనే సరిపెట్టుకున్నారా? ఒక పూట మానేశారా? తినాల్సినదానికంటే తక్కువ తిన్నారా? ఇంట్లో సరుకులు అయిపోయాయా? ఆకలేసినా తినకుండా ఉన్నారా? రోజంతా ఏమీ తినకుండా గడిపారా?

ఈ ప్రశ్నల వరసను ఒకసారి జాగ్రత్తగా చూడండి. పస్తు అనేది అన్నిటికంటే చివర్లో ఉంది. మొదలయ్యేది దిగులుతో. రెండో మెట్టులో మంచి తిండి పోతుంది, మూడో మెట్టులో రకాలు పోతాయి. పూట మానేయడం నాలుగో మెట్టు. అంటే పొయ్యి ఆరకముందే, చాలా ముందే, కంచంలోంచి గుడ్డు పోతుంది. పాలు పోతాయి. పండు ఎట్లాగూ ఉండదు. కూర పోయి పచ్చడి వస్తుంది, పప్పు పోయి పప్పుచారు వస్తుంది, ఆ చారూ రోజురోజుకూ పల్చబడుతుంది. అన్నం మాత్రం కదలదు.

పెద్దవాళ్లం ఈ రెండు, మూడు మెట్ల మీద ఏళ్ల తరబడి నెట్టుకురాగలం. హాస్టల్లో చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ అదే ఇంట్లో పది నెలల పాప ఉంటే, ఆ పాపకు అది రెండో మెట్టు కాదు. నేరుగా కింద పడ్డట్టే.

పావు లీటరు పొట్ట

ఎందుకో చెప్పాలంటే పాప పొట్ట సైజు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. పసిపిల్లల పొట్టలో ఒకసారికి పట్టేది వాళ్ల బరువులో కిలోకు దాదాపు 30 మిల్లీలీటర్లు. ఎనిమిది కిలోల పాపైతే 240 మిల్లీలీటర్లు. అటూ ఇటుగా పావు లీటరు. ఆ చిన్న సంచిలోనే రోజుకు సరిపడా బలమంతా పట్టాలి. అందులో చారునీళ్లు కలిపిన అన్నం పోస్తే ఏమవుతుంది? సంచి నిండిపోతుంది. పాప ముఖం తిప్పేసుకుంటుంది. "చాలంటోంది, కడుపు నిండింది" అనుకుంటాం. నిండిన మాట నిజమే, సగం నీళ్లతో.

ఆరు నెలల దాకా తల్లిపాలు ఒక్కటే చాలు. ఆ తర్వాత చాలవు. ఆరు నుంచి పన్నెండు నెలల వరకు పాపకు కావాల్సిన శక్తిలో సగమో, అంతకంటే కాస్త ఎక్కువో తల్లిపాల నుంచి వస్తుంది. రెండో ఏడాదిలో అది మూడో వంతుకు పడిపోతుంది. మిగతాదంతా గిన్నెలోంచే రావాలి. ముఖ్యంగా ఐరన్. పుట్టినప్పుడు అమ్మ దగ్గర్నుంచి తెచ్చుకున్న నిల్వ ఆరో నెల వచ్చేసరికి దాదాపు ఖాళీ. మరి తెల్లన్నంలో ఐరన్ ఎంత? పేరుకు ఉంటుంది.

అందుకే డాక్టర్లు "ఎంత తిన్నాడు" కంటే "ఏమేం తిన్నాడు" అని అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి చిన్నపిల్లల తిండిని ఎనిమిది గుంపులుగా విడదీశాయి. తల్లిపాలు, తిండిగింజలు-దుంపలు, పప్పులు-పల్లీలు, పాలు-పెరుగు, మాంసం-చేపలు, గుడ్లు, విటమిన్ ఎ ఉన్న పండ్లు కూరగాయలు (బొప్పాయి, మామిడి, క్యారెట్, ఆకుకూరలు), ఇంకేవైనా పండ్లు కూరగాయలు. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు బిడ్డకు నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా వీటిలో కనీసం ఐదు గుంపులు అందాయా అన్నది పరీక్ష. మా చెల్లెకు ఎన్ని అందేవో ఇప్పుడు లెక్కేస్తే మూడు. తల్లిపాలు, బియ్యం, ఇన్ని పప్పునీళ్లు. ఆ నీళ్లను పప్పుగా లెక్కేయాలా వద్దా అంటే నాకు కూడా మొహమాటమే.

యూనిసెఫ్ 2024లో ఒక నివేదిక ఇచ్చింది. ఎనిమిదిలో రెండు గుంపులు, అంతకంటే తక్కువతో రోజు గడుపుతున్న ఐదేళ్లలోపు పిల్లలు ప్రపంచంలో 18 కోట్ల 10 లక్షల మంది ఉన్నారట. అంటే ప్రతి నలుగురిలో ఒకరు. వీళ్లలో మూడింట రెండు వంతుల మంది ఇరవై దేశాల్లోనే ఉన్నారు. ఆ ఇరవైలో మన దేశం ఉంది.

ఇక మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 2019-21లో చేసిన ఐదో విడతలో, దేశంలో ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో సరిపడా రకాలు, సరిపడా సార్లు తింటున్నవాళ్లు 11.3 శాతం. పొరపాటున చదవలేదు మీరు. నూటికి పదకొండు మంది. వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. తెలంగాణలో అంతకుముందు విడతలో ఇది 28 దగ్గర ఉండేది, తగ్గాల్సింది పోయి పెరిగింది. రక్తహీనత ఉన్న పిల్లలు ఆంధ్రలో 63.2, తెలంగాణలో 70 శాతం. పోషకాహార పరిశోధనకు దేశానికే పెద్ద దిక్కయిన జాతీయ పోషకాహార సంస్థ 1958 నుంచి మన హైదరాబాద్‌లోనే ఉంది. తార్నాక మీదుగా బస్సులో వెళ్తుంటే ఆ బోర్డు కనపడినప్పుడల్లా ఈ 70 గుర్తొస్తుంది నాకు.

బియ్యం ఉన్నాయి కదా!

"రేషన్ బియ్యం ఫ్రీ కదా, ఇంకా ఆకలేంటి?" అని ఆఫీసులో ఒక కొలీగ్ అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చినప్పుడు మా తాత తరానికి అది మామూలు విషయం కాదు. గటక, సంకటి తప్ప పండక్కి మాత్రమే వరి అన్నం తిన్న ఇళ్లవి. 2013 ఆహార భద్రత చట్టంతో మనిషికి నెలకు ఐదు కిలోలు హక్కుగా వచ్చాయి, 2023 జనవరి నుంచి ఉచితం. తెలంగాణలో మనిషికి ఆరు కిలోలు, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. ఇవన్నీ లేకపోతే ఎనిమిది ప్రశ్నల్లో చివరి మూడింటికి 'అవును' అనే ఇళ్లు ఎన్ని ఉండేవో ఊహించుకోవచ్చు. బియ్యాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండినవాళ్లకు లేదు.

కానీ లెక్క ఇంకో వైపు నుంచి వేయండి. నలుగురున్న ఇంటికి 24 కిలోల బియ్యం వచ్చాయి. అన్నం ఖర్చు లేదు. ఇప్పుడు రెండేళ్ల పాపకు రోజుకో గుడ్డు పెట్టాలి. గుడ్డు ఏడు రూపాయలనుకుంటే నెలకు 210. రోజూ పావు లీటరు పాలు, నెలకు 400 పైనే. రోజుకో చిన్న అరటిపండు, గుప్పెడు ఆకుకూర, రెండు చెంచాల పప్పు. రేట్లు ఊరిని బట్టి మారతాయి కానీ ఎంత పిసినారిగా వేసినా ఒక్క పాపకు వెయ్యి రూపాయలు అటూ ఇటూ తేలుతుంది. కూలి రోజూ దొరకదు. దొరికిన డబ్బుకు అద్దె ముందు, కరెంటు బిల్లు ముందు, గ్రూపు లోను కిస్తీ అన్నిటికంటే ముందు. కిస్తీ కట్టకపోతే గ్రూపులో నలుగురి ముందు నిలబెడతారు. గుడ్డు పెట్టకపోతే ఎవరూ ఏమీ అనరు. పాప కూడా అనదు.

కందిపప్పు కిలో 150 దాటిన రోజుల్ని గుర్తుచేసుకోండి. మన ఇళ్లలో "అబ్బా, రేటు మండిపోతోంది" అనుకుని కొనేశాం. కూలి ఇళ్లలో అరకిలో పావుకిలో అయింది, నీళ్లు పెరిగాయి. ఆ పావుకిలోనే ఐదుగురికి.

అమ్మ వంతు

ఇంట్లో తిండి తగ్గినప్పుడు ముందు తగ్గేది అమ్మ కంచంలో. దీన్ని కనిపెట్టడానికి సర్వే అక్కర్లేదు, మన వంటిళ్లే సాక్ష్యం. అందరికీ పెట్టాక గిన్నె అడుగున మిగిలింది ఆమెది. "నాకు ఆకలిగా లేదు" అన్న మాట ఎన్ని సినిమాల్లో వచ్చిందో! అది సెంటిమెంటు సీనుగా మనకు అలవాటైపోయింది కానీ దాని వెనక లెక్క ఉంది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి, ఆంధ్రలో 58.8 శాతం మందికి రక్తహీనత. రక్తం లేని అమ్మకు పుట్టిన బిడ్డ ఐరన్ నిల్వ తక్కువతోనే పుడుతుంది. అంటే ఆరో నెలకంటే ముందే ఖాళీ. పాప తిండి సమస్య పాప పుట్టకముందే మొదలైందన్నమాట.

అమ్మ తినకుండా మిగిల్చింది పిల్లలకు చేరుతుంది కదా అంటే, కొంతవరకే. ఎందుకంటే పసిబిడ్డకు తిండితో పాటు తినిపించే మనిషి కావాలి. ఏడాది పాపకు గిన్నె ముందు పెడితే తినదు. ఒక ముద్ద తిని పారిపోతుంది, రెండో ముద్ద ఊసేస్తుంది, మూడోదానికి చందమామ కావాలి. రోజుకు మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి అరగంట. పత్తి ఏరడానికి పొద్దున ఆరింటికి ఆటో ఎక్కే అమ్మ దగ్గర ఆ అరగంట ఎక్కడిది? పాపను చూసేది ఏడేళ్ల అక్క. మా చెల్లెకు తినిపించింది నేనే. రెండు ముద్దలు ఊసేస్తే మూడోది నేనే తినేసేదాన్ని. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకూ ఆకలేసేది.

జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 60 ఊళ్లలో ఒక ప్రయోగం చేశారు. కొన్ని ఊళ్లలో తల్లుల ఇళ్లకు వెళ్లి, ఏం పెట్టాలో చెప్పడంతో పాటు ఎట్లా పెట్టాలో కూడా నేర్పించారు. బిడ్డ ఆకలి గుర్తుల్ని గమనించడం, మాట్లాడుతూ, ఓపిగ్గా తినిపించడం, ఆడించడం లాంటివి. పదిహేను నెలల వయసుకు వచ్చేసరికి ఆ పిల్లల మెదడు ఎదుగుదల మార్కులు మిగతా ఊళ్ల పిల్లల కంటే మెరుగ్గా ఉన్నాయి. నాకు ఇందులో నచ్చిన సంగతి ఏంటంటే, ఇక్కడ మందు బిళ్ల లేదు, ఖరీదైన పౌడర్ డబ్బా లేదు. కాకపోతే అమ్మకు టైం ఉండాలి. అదే ఖరీదు.

ఐదు రూపాయల ప్యాకెట్

ఊళ్లో ఏ కిరాణా కొట్టు ముందైనా నిలబడి చూడండి. దండల్లా వేలాడుతూ రంగురంగుల ప్యాకెట్లు. ఐదు రూపాయలు, పది రూపాయలు. రెండేళ్ల పిల్లాడి చేతిలో కారప్పొడి అంటిన వేళ్లు. చూసి మనం ఠక్కున తీర్పు ఇచ్చేస్తాం.. "వీళ్లకు బుద్ధి లేదు, ఆ ఐదు రూపాయలు పెట్టి గుడ్డు కొనొచ్చుగా?"

మొదటి సంగతి, ఐదుకు గుడ్డు రాదు. రెండోది, గుడ్డు ఉడకాలి, దానికి గ్యాసు కావాలి, పొట్టు తీసి తినిపించే మనిషి కావాలి. ప్యాకెట్ చించితే చాలు. మూడోది ఎవరూ మాట్లాడనిది. రోజంతా దేనికైనా 'లేదు' అనే చెప్పాల్సిన అమ్మ, పిల్లాడికి 'సరే' అని చెప్పగలిగేది ఆ ఐదు రూపాయల దగ్గర ఒక్కచోటే. కొట్టాయన ఉద్దర కూడా ఇస్తాడు. అట్లాగని ప్యాకెట్ మంచిదని కాదు. ఉప్పు, నూనె, మైదా తప్ప ఏమీ లేని ఆ తిండి పావు లీటరు పొట్టలో సగం ఆక్రమించేస్తుంది, తర్వాత అన్నం ముట్టడు. టీలో ముంచిన బిస్కెట్ కూడా అంతే. పైగా టీ వల్ల తిన్నదాంట్లోని ఐరన్ కూడా ఒంటికి సరిగ్గా పట్టదు. కానీ ఆ అమ్మను తిట్టి ప్యాకెట్‌ను ఆపలేం. అంతే రేటుకు, అంతే సులువుగా దొరికే ఇంకోటి ఏముందో చెప్పగలగాలి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. తిండికి లోటు లేని ఇళ్లలోనూ చాలామంది పసిపిల్లల గిన్నెలో ఐదు గుంపులు ఉండట్లేదు. గుడ్డు వేడి చేస్తుందని, పెరుగు, అరటిపండు జలుబు చేస్తాయని, పప్పు అరగదని ఏడాది దాకా పాలన్నంతోనే నెట్టుకొచ్చే ఇళ్లు మన అపార్ట్‌మెంట్లలో బోలెడు. కాబట్టి అంతా డబ్బు వల్లే అనడానికి లేదు. తేడా ఎక్కడంటే, ఆ ఇంట్లో డాక్టర్ చెప్పగానే రేపటి నుంచి గుడ్డు మొదలవుతుంది. ఈ ఇంట్లో డాక్టర్ చెప్పినా, టీచరమ్మ చెప్పినా, వచ్చే నెల జీతం వచ్చేదాకా మొదలవదు. మహారాష్ట్రలో 2012లో రెండేళ్లలోపు పిల్లల మీద పెద్ద సర్వే చేశారు. తిండికి ఇబ్బంది ఉన్న ఇళ్లలో పిల్లల తిండి రకాలు తక్కువగా, ఎత్తు-బరువు లోపాలు ఎక్కువగా ఉన్నట్టు దాని లెక్కల్లో తేలింది. ఆశ్చర్యమేముంది అంటారా? ఆశ్చర్యం లేదు. కానీ "అంతా అవగాహన లోపమే" అని మైకులో చెప్పేవాళ్లకు చూపించడానికి పనికొస్తుంది.

పదహారు గుడ్లు, ఐదుగురు మనుషులు

మరి అంగన్‌వాడీ? 1975 అక్టోబర్ 2న మొదలైన ఈ పథకం లేకపోతే మన పిల్లల పరిస్థితి ఎట్లా ఉండేదో చెప్పక్కర్లేదు. తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్, 16 గుడ్లు ఇంటికి ఇస్తారు. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పొడి అది. నాచారంలోని తెలంగాణ ఫుడ్స్ తయారుచేస్తుంది. మూడేళ్లు దాటిన పిల్లలకు కేంద్రంలోనే వేడి అన్నం, రోజుకో గుడ్డు. గర్భిణులకు, బాలింతలకు 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట భోజనం, గుడ్డు, పాలు. ఆంధ్రలోనూ బాలామృతం, గుడ్లు, పాలు ఇస్తున్నారు.

కాగితం మీద పాపకు రోజుకు వంద గ్రాములు పడాలి. ఇంట్లో పడేది ఎంత? బాలామృతం తియ్యగా ఉంటుంది. లడ్డూలు చేస్తే ఐదేళ్ల అన్న రెండు తింటాడు. అట్లు పోస్తే ఇంటిల్లిపాదీ తింటారు. పదహారు గుడ్లు ట్రేలో ఇంటికొస్తే, ఆ రోజు కూరేమీ లేకపోతే, ఎనిమిది గుడ్ల పులుసు అవుతుంది. తప్పని చెప్పగలమా? పెద్దపిల్లాడి ముఖం చూస్తూ చిన్నదానికి ఒక్కదానికే గుడ్డు పెట్టే గుండె ఏ అమ్మకుంటుంది? మూడేళ్లు పైబడిన పిల్లలకు కేంద్రంలోనే కూర్చోబెట్టి పెడుతున్నారు కాబట్టి ఆ గుడ్డు ఆ పిల్లాడికే చేరుతుంది. ఇంటికిచ్చే గుడ్డు ఇంటిదే అవుతుంది. అసలు అవసరం ఎక్కువున్న వయసువాళ్లకే ఇంటికి ఇచ్చే పద్ధతి ఉండటం నాకెప్పుడూ అర్థం కాదు. అంత చిన్నపిల్లల్ని రోజూ కేంద్రానికి ఎత్తుకొచ్చేదెవరు అంటే, దానికీ నా దగ్గర జవాబు లేదు. కూలికి పోయే తల్లుల పసిపిల్లల్ని రోజంతా ఉంచుకునే క్రెష్‌లు ఊరూరా ఉంటే కొంత తీరుతుంది.

ఇంకో రకం పిల్లలున్నారు. ఒడిశాలోని బలంగీర్, నువాపడ వైపు నుంచి హైదరాబాద్ చుట్టుపక్కల, పెద్దపల్లి దగ్గర ఇటుక బట్టీలకు ఏటా చలికాలం మొదట్లో కుటుంబాలతో సహా వస్తారు. వానలు పడేదాకా ఇక్కడే. అడ్వాన్స్ ముందే తీసుకుని ఉంటారు కాబట్టి చేతికి వారానికి తిండి ఖర్చులకు మాత్రం ఇస్తారు. నూకలు, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ. ఆరేడు నెలలు. ఏడు నెలల పాపకు అది తిండి మొదలుపెట్టే వయసంతా అన్నమాట. ఒకే దేశం-ఒకే రేషన్ కార్డు వచ్చాక బియ్యం ఎక్కడైనా తీసుకోవచ్చు. పోషణ్ ట్రాకర్ యాప్‌లో వలస వచ్చినవాళ్ల పేరు కొత్త ఊరి అంగన్‌వాడీకి మార్చుకునే వీలు కూడా ఉంది. కానీ బట్టీ ఊరికి దూరంగా ఉంటుంది, భాష రాదు, టీచర్‌కు తన ఊరి పిల్లలే ఎక్కువ. మన పాలమూరు జనం ముంబై, పుణెల్లో ఉన్నప్పుడు వాళ్ల పిల్లలకు అక్కడ జరిగేదీ ఇదే.

వయసు పెరిగేకొద్దీ ఇంకో తేడా మొదలవుతుంది. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లల్ని 'యంగ్ లైవ్స్' అనే అధ్యయనం ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. మా చెల్లె వయసువాళ్లే ఇందులో రెండు వేల మంది. ఆ లెక్కల్లో కనపడిందేంటంటే, పదిహేనేళ్లు వచ్చేసరికి అబ్బాయిల కంచంలో రకాలు ఎక్కువ, అమ్మాయిల కంచంలో తక్కువ. ఆ అమ్మాయిలు తర్వాత అమ్మలవుతారు.

చెల్లె ఫోన్

మా చెల్లెకు ఇప్పుడు పాప. పటాన్‌చెరు వైపు ఒక గది ఇల్లు. బావ.. అదే, మా మరిది డ్రైవర్. గత జూన్‌లో బండి రిపేరుకొచ్చి నెలన్నర పని లేదు. నాకు ఫోన్ చేసి ఏమీ చెప్పలేదు. ఐదు వందలు ఫోన్‌పే చేయమని ఒకసారి, మూడు వందలు ఇంకోసారి మెసేజ్. నేనూ అడగలేదు. ఆగస్టులో వెళ్లినప్పుడు పాలసీసా చూశాను. పాలు నీలంగా ఉన్నాయి. అన్ని నీళ్లు పోసింది.

"ఎన్ని రోజుల నుంచే?" అన్నాను.

"పదిహేను రోజులైతుంది అక్కా. నువ్వు మళ్ల అమ్మకు చెప్పకు."

పాప అప్పటికి పదకొండు నెలలది. అంగన్‌వాడీ కార్డు తీసి చూశాను. బరువు గీత మే దాకా పైకి పోయింది. జూన్, జులైలో పడుకుంది. ఆకుపచ్చ పట్టీలోంచి పసుపు అంచుకు వచ్చింది. బాలామృతం ఏదని అడిగితే డబ్బా చూపించింది, అడుగున కొంచెం ఉంది. "నేనే తిన్న కొంత. పాలు రావాల్నంటే నేను తినాల్నన్నది టీచరమ్మ" అంది, ఏదో దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.

ఆ రోజు ఇద్దరం కలిసి ఒక పొడి చేశాం. హైదరాబాద్ మిక్స్ అని, జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఎప్పుడో తయారుచేసి పెట్టిన ఫార్ములానే. గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగలు 16, పల్లీలు 10, బెల్లం 20. ఈ 86 గ్రాముల్లో 330 కేలరీలు, 11 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. మేం దానికి పదింతలు చేశాం. గోధుమలు, పల్లీలు విడివిడిగా దోరగా వేయించి, పల్లీల పొట్టు తీసి, అన్నీ మెత్తగా, పలుకు లేకుండా మిక్సీ పట్టాలి. పసిపిల్లలకు పలుకు గొంతులో అడ్డం పడుతుంది, ఇది మాత్రం జాగ్రత్త. గోధుమలు లేకపోతే జొన్నలో, రాగులో వేసుకోవచ్చు. నాలుగు చెంచాలు తీసి కాచి చల్లార్చిన నీళ్లలో జారుగా కాకుండా, చెంచా ఒంపితే నెమ్మదిగా జారేటట్టు కలపాలి. మునగాకు ఎండబెట్టి పొడి చేసి చిటికెడు కలిపితే ఇంకా మంచిది. పటాన్‌చెరులో మునగచెట్టు ఎవరింటి ముందైనా ఉంటుంది, అడిగితే కొమ్మ విరిచి ఇస్తారు. గుడ్డు సొన ఉడికించి పాలతో మెదిపి పెట్టడం కూడా చూపించాను. పండ్లు అక్కర్లేదు దానికి.

మరిది మళ్లీ బండెక్కాడు. పోయిన వారం చెల్లె వాట్సాప్‌లో కార్డు ఫొటో పెట్టింది. సెప్టెంబర్ చుక్క ఆగస్టు చుక్క కంటే రెండు గళ్లు పైన ఉంది. దాని కింద ఇంకో మెసేజ్.. "అక్కా ఈ నెల గుడ్లు పదహారు వచ్చినయ్. తొమ్మిది ఆమెకే పెట్టిన. ఏడు మేం తిన్నం."